టేక్ (ఆంగ్ల క్రియ)

టేక్ అనునది ఆంగ్ల భాషలో నిత్యవ్యవహారంలో మిక్కిలి తరచుగా వినిపించే క్రియలలో ఒకటి. ఆంగ్ల-తెలుగు నిఘంటువులలో దీనికి సాధారణంగా మొదట కనిపించే అర్థం "తీసుకొను". పాఠశాలలో విద్యార్థులు మొదట నేర్చుకొనేది కూడా ఇదే. అయితే పట్టుకొను, పుచ్చుకొను, తీసివేయు, వెంటబెట్టుకొని వెళ్ళు, మింగు, భరించు, అనుకొను మొదలైన ఎన్నో తెలుగు క్రియలు చేసే పనిని ఆంగ్లంలో ఈ ఒక్క పదమే చేస్తున్నది. దీని భూతకాల రూపం టుక్, భూత కృదంతం టేకెన్. షేక్, షుక్, షేకెన్ అనే క్రియ కూడా ఇదే తీరున నడుస్తుంది.

తెలుగునాట టేకు అని పిలువబడే చెట్టుకు, ఈ క్రియకు ఏ సంబంధమూ లేదు.

పుట్టుక

ఇంత సామాన్యమైన పదమైనా టేక్ ఆంగ్లేయుల సొంత ఆస్తి కాదు. 793లో లిండిస్‌ఫార్న్ మఠంపై జరిగిన దాడి మొదలుకొని స్కాండినేవియా నావికులు ఇంగ్లండు తీరాన్ని పలుమార్లు కొల్లగొట్టినారు. తరువాతి కాలంలో వారిలో అనేకులు ఆ దేశపు ఉత్తర, తూర్పు భాగాలలో స్థిరపడి వ్యవసాయం చేసుకొన్నారు. 1016 నుండి 1035 వరకు డెన్మార్కు రాజవంశానికి చెందిన కనూట్ ఇంగ్లండును పాలించినాడు. ఈ సహజీవనంలో ప్రాచీన నార్స్ భాషలోని "టాకా" అనే క్రియ ఆంగ్లంలోకి ప్రవేశించి, పదకొండవ శతాబ్దపు వ్రాతలలో కనబడసాగింది. దీనికి జ్ఞాతి అయిన గోతిక్ భాషా పదానికి "తాకు" అని అర్థం. కనుక చేయి వస్తువును తాకడమే దీని తొలి అర్థమై ఉండవచ్చునని భాషావేత్తలు భావిస్తారు.

అంతకు ముందు ఆంగ్లంలో ఈ పనికి "నిమన్" అనే సొంత క్రియ ఉండేది. జర్మన్, డచ్ భాషలలో దాని జ్ఞాతి క్రియలు నేటికీ "తీసుకొను" అనే అర్థంలోనే ఉన్నాయి. ఆంగ్లంలో మాత్రం టేక్ ధాటికి నిమన్ క్రమంగా వెనుకబడి, చివరకు దొంగల భాషలో "కాజేయు" అనే అర్థంలో మిగిలి, తరువాత మాయమైనది. షేక్‌స్పియర్ రచించిన హెన్రీ ది ఫిఫ్త్ నాటకంలో దొంగతనం చేసి ఉరికంబం ఎక్కే సైనికుని పేరు నిమ్ కావడం కాకతాళీయం కాదు. ఆ పాత క్రియ రెండు విశేషణాలలో ఇంకా బ్రతికి ఉన్నది. ఒకటి "నంబ్", అనగా తిమ్మిరి పట్టిన. మొదట దీని అర్థం "పట్టుబడిన" అని. రెండవది "నింబుల్", అనగా చురుకైన, చప్పున అందుకొనగల. తిమ్మిరికి, చురుకుదనానికి ఒకే క్రియ తల్లి కావడం విచిత్రమే.

సాధారణంగా ఒక భాష మరొక భాష నుండి వస్తువుల పేర్లను తెచ్చుకొంటుంది. ఇంతటి ప్రాథమిక క్రియను తెచ్చుకొని సొంతదానిని వదులుకొనడం అరుదు. "వారు" అనే అర్థంలోని ఆంగ్ల సర్వనామం, ఆకాశానికి, గుడ్డుకు ఆంగ్లంలో నేడున్న పేర్లు కూడా ఈ నావికుల భాష నుండి వచ్చినవే.

తీయు, తీసుకొను

తెలుగువారికి ఈ క్రియతో వచ్చే చిక్కు అర్థాల సంఖ్య వలన కాదు. తీసిన వస్తువు ఎవరికి చెందుతుంది, ఆ పని ఫలం ఎవరికి తగులుతుంది అన్న విషయం టేక్ చెప్పదు. తెలుగు క్రియ చెప్పి తీరుతుంది. తీయు వేరు, తీసుకొను వేరు. తీయుటకు "కొను" చేరినప్పుడు ఆ పని కర్త వైపు తిరుగుతుంది.

"హి టుక్ హిజ్ లైఫ్" అనే వాక్యాన్ని చూడవచ్చును. ఇందులోని "హిజ్" కర్తనే సూచిస్తే "అతడు ప్రాణం తీసుకొన్నాడు" అని అర్థం. వేరొకరిని సూచిస్తే "అతడు వాని ప్రాణం తీశాడు" అని అర్థం. మొదటిది ఆత్మహత్య, రెండవది హత్య. ఈ సందిగ్ధాన్ని తొలగించుటకు ఆంగ్ల రచయితలు "ఓన్" అనే మాటను చేర్చి "సొంత" అని స్పష్టం చేస్తారు. తెలుగులో రెండక్షరాల "కొను" ఆ పని చేస్తుంది. ఆంగ్ల వార్తను తెలుగులోకి మార్చేవారు పూర్వాపరాలు చదవకుండా ఈ వాక్యాన్ని అనువదిస్తే మృతుడు నేరస్థుడు కావచ్చును, నేరస్థుడు మృతుడు కావచ్చును.

ఊపిరి విషయంలోనూ ఇదే భేదం. ఊపిరి తీసుకొనేవాడు బ్రతికి ఉన్నవాడు. ఊపిరి తీసేవాడు హంతకుడు. రక్తం తీసేది ప్రయోగశాల ఉద్యోగి.  బ్యాంకులో డబ్బు తీయడం, ఒకరి వద్ద డబ్బు తీసుకొనడం వేరు వేరు పనులు. ఫొటో తీసినవాడు కెమెరాకు వెనుక ఉంటాడు, తీయించుకొన్నవాడు ముందు ఉంటాడు.

ఈ "కొను" కేవలం ప్రత్యయం కాదు. ఇది ఒకప్పుడు "తీసుకొను, గ్రహించు" అనే అర్థం గల స్వతంత్ర క్రియ. నేటి వాడుకలో విడిగా వచ్చినప్పుడు దీనికి "వెల ఇచ్చి తీసుకొను" అనే అర్థమే మిగిలింది. తమిళ, కన్నడ భాషలలో దీని జ్ఞాతి క్రియలు కూడా ఇలాగే వేరొక క్రియ వెనుక చేరి పనిని కర్త వైపు త్రిప్పుతాయి. చేయి అనే పదంతో చేరి "చేకొను", అదే అర్థం గల కై తో చేరి "కైకొను" ఏర్పడినవి. కావ్యభాషలోని "కొనిపోవు", "కొనివచ్చు" అనునవి నేటి తీసుకొనిపోవు, తీసుకొనివచ్చు. పాలు అనగా వాటా. వాటాను కొనుట "పాల్గొను". ఆంగ్లంలో "టేక్ పార్ట్" అన్నా ఇదే కూర్పు, లాటిన్ మూలం గల "పార్టిసిపేట్" విడదీసినా ఇదే కూర్పు. మూడు భాషలలోనూ ఒకే ఊహ కనబడుతుంది. అందుచేత పాల్గొను అనే చక్కని మాట ఉండగా "భాగం తీసుకొను" అని వ్రాయడం అనవసరం.

చేతి నుండి మనసుకు

వస్తువును చేతితో అందుకొనడం టేక్‌కు మూలార్థం. దీని నుండి స్వీకరించడం, వశపరచుకొనడం, తీసివేయడం, చేరవేయడం అనే అర్థాలు సహజంగానే ఏర్పడినవి. సైన్యం కోటను టేక్ చేస్తే పట్టుకొన్నదని, దొంగ గొలుసును టేక్ చేస్తే అపహరించినాడని, ఎనిమిది నుండి మూడును టేక్ చేస్తే తీసివేసినామని అర్థం. తల్లి పిల్లవానిని బడికి టేక్ చేస్తే వెంటబెట్టుకొని వెళ్ళినదని అర్థం. ఈ చివరి అర్థంలో దీనికి ఎదురుగా నిలిచే క్రియ "బ్రింగ్". మాట్లాడేవాని వైపు వస్తే బ్రింగ్, అవతలికి పోతే టేక్. తీసుకొనిరా, తీసుకొనిపో అనే భేదం తెలిసినవారికి ఇది కష్టం కాదు.

చేతితో పట్టుకొనుట క్రమంగా మనసుతో పట్టుకొనుటగా మారడం అనేక భాషలలో కనబడుతుంది. సంస్కృతంలోని గ్రహ్ ధాతువునకు పట్టుకొను అని అర్థం. దాని నుండి వచ్చిన గ్రహించు అనే క్రియకు తెలుగులో తీసుకొను, తెలుసుకొను అనే రెండర్థాలూ ఉన్నాయి. సూర్యచంద్రులను పట్టుట గ్రహణము, వధువు చేయి పట్టుట పాణిగ్రహణము. ఆంగ్లేయుల చర్చి వివాహంలోనూ వధూవరులు ఒకరినొకరు స్వీకరించునప్పుడు పలికే క్రియ టేక్ కావడం గమనింపదగినది. మాటలో భావాన్ని పట్టుకొనడాన్ని కూడా ఆంగ్లంలో ఇదే క్రియతో చెబుతారు. "ఐ టేక్ యువర్ పాయింట్" అనగా మీరు చెప్పినది నాకు బోధపడినది, అందులో సబబు ఉన్నది అని. అయితే వెంటనే "కాని" అనే మాట రాబోతున్నదని శ్రోత సిద్ధపడవచ్చును.

"టేక్ ఫర్" అనగా ఒకదానిని మరొకటిగా భావించడం. వేదాంతులు చెప్పే రజ్జుసర్ప భ్రాంతి దీనికి తగిన ఉదాహరణ. చీకటిలో తాడును పాముగా టేక్ చేసినవాడు భయపడతాడు. ఇట్లా తప్పుగా గ్రహించుటకు ఏర్పడిన మాటయే "మిస్టేక్". ఇది కూడా నార్స్ భాష నుండి వచ్చినదే. తెలుగువారు నేడు ఏ తప్పునైనా మిస్టేక్ అంటున్నారు గాని, మూలంలో అది చేతి తప్పు కాదు, పొరబడుట.

భరించు అనే అర్థం ఎక్కువగా వ్యతిరేక వాక్యాలలో వస్తుంది. "ఐ కాంట్ టేక్ ఇట్" అనగా ఇక నావల్ల కాదు, నేను ఓర్చుకొనలేను అని. దీనిని "నేను దానిని తీసుకొనలేను" అని అనువదిస్తే బరువు మోయలేనివాడు చెప్పినట్లు ఉంటుంది.

పట్టు

కొన్ని సందర్భాలలో టేక్‌కు అచ్చమైన తెలుగు సమానార్థకం తీసుకొను కాదు, పట్టు. ప్రయాణానికి రెండు గంటలు పడుతుంది. బండిలో ఆరుగురు పడతారు. బిందెలో ఎన్ని నీళ్ళు పడతాయి? బట్టకు రంగు పట్టలేదు. ఈ నాలుగు వాక్యాలనూ ఆంగ్లంలో టేక్‌తోనే చెప్పవచ్చును. కాలం, చోటు, రంగు అనేవి తెలుగువానికి, ఆంగ్లేయునికి ఒకే విధంగా "పట్టుబడటం" ఆశ్చర్యం కలిగిస్తుంది. నిఘంటువును బట్టీ పట్టిన విద్యార్థి ఇక్కడ తడబడి "ప్రయాణం రెండు గంటలు తీసుకొంటుంది" అని వ్రాస్తాడు. ఈ వాక్యం పత్రికలలో, ప్రకటనలలో కూడా కనబడుతున్నది. వ్యాకరణరీత్యా తప్పు పట్టలేకపోయినా, ఇంట్లో ఎవరూ అలా అనరు.

మందు సీసాపై టేక్

ఔషధాల విషయంలో ఈ క్రియను జాగ్రత్తగా అర్థం చేసుకొనవలెను. ఆంగ్లంలో మాత్ర అయినా, ద్రవమైనా, చూర్ణమైనా టేక్ అంటే సరిపోతుంది. తెలుగులో మాత్ర వేసుకొంటారు, మందు తాగుతారు, లేహ్యం నాకుతారు, ఆవిరి పడతారు, సూది మందు చేయించుకొంటారు. మందు శరీరంలోకి ఎట్లా పోవలెనో క్రియలోనే ఉన్నది. ఆంగ్ల సూచనను "రోజుకు రెండుసార్లు తీసుకొనవలెను" అని మార్చినప్పుడు ఈ సమాచారం పోతుంది. మింగవలసిన మాత్రను నమలడం, చప్పరించవలసిన దానిని నీళ్ళతో మింగడం వలన మందు పనిచేసే తీరు మారవచ్చును. కనుక సూచనలను అనువదించేవారు మందు రూపాన్ని చూసి క్రియను ఎన్నుకొనవలెను. "ఎంప్టీ స్టమక్" అన్నచోట పరగడుపున అనే మాట ఉండనే ఉన్నది. ఖాళీ కడుపు అననవసరం లేదు.

వైద్యులు చీటీపై మొదట వ్రాసే, ఆర్ అక్షరం తోకను గీత కొట్టినట్లుండే గుర్తుకు కూడా అర్థం టేక్ అనియే. అది "రెసిపె" అనే లాటిన్ పదానికి సంక్షిప్త రూపం. రెసిపె అనగా "తీసుకొనుము" అనే ఆజ్ఞ. ఏ దినుసులు ఎంతెంత తీసుకొని కలపవలెనో మందులు తయారుచేసే వానికి వైద్యుడు చెప్పే మాట అది. ఆ మాటే తరువాత వంటింటిలోకి వెళ్ళి వంటల రెసిపీ అయినది.

తరగతిలో, పరీక్షలో

తెలుగులో విద్యార్థి పరీక్ష వ్రాస్తాడు, ఉపాధ్యాయుడు పరీక్ష పెడతాడు. హిందీలో విద్యార్థి పరీక్ష ఇస్తాడు, ఉపాధ్యాయుడు తీసుకొంటాడు. ఆంగ్లంలో సరిగ్గా దీనికి తలక్రిందులు: విద్యార్థి టేక్ చేస్తాడు, ఉపాధ్యాయుడు ఇస్తాడు. అందువలన దక్షిణ భారతీయుల ఆంగ్లంలో "రైట్ ఎగ్జామ్" అని, ఉత్తర భారతీయుల ఆంగ్లంలో "గివ్ ఎగ్జామ్" అని వినబడుతుంది. మొదటిది విదేశీయులకు కొంత వింతగా తోచినా అర్థమవుతుంది. రెండవది మాత్రం అపార్థానికి దారితీస్తుంది. "ఐ గేవ్ ఏన్ ఎగ్జామ్" అన్న భారతీయ విద్యార్థిని అమెరికాలో ఉపాధ్యాయుడని అనుకొనే అవకాశం ఉన్నది.

"టేక్ ఏ క్లాస్" కూడా ఇటువంటిదే. భారతదేశంలో, బ్రిటన్‌లో క్లాసు టేక్ చేసేది చాలావరకు బోధించేవాడు, అమెరికాలో వినేవాడు. తెలుగులో "మాస్టారు క్లాసు తీసుకొన్నారు" అంటే పాఠం చెప్పినారని అర్థం. "క్లాసు పీకినారు" అంటే చీవాట్లు పెట్టినారని. ఈ రెండవ ప్రయోగానికి ఆంగ్లంలో మూలం వెదకడం వృథా, అది పూర్తిగా తెలుగువారి సృష్టి.

కర్మ లేని టేక్

ఏమి తీసుకొన్నాడో చెప్పకుండా వదలివేస్తే రెండు భాషలలోనూ అర్థం చీకటి వైపు మళ్ళుతుంది. ఒక ఉద్యోగి గురించి "ఆయన తీసుకొంటాడా?" అని అడిగితే లంచం గురించే అని వేరే చెప్పనక్కరలేదు. ఆంగ్లంలో "ఆన్ ద టేక్" అన్నా అదే. "ఆయన పుచ్చుకొంటారా?" అని గొంతు తగ్గించి అడిగితే అది మద్యం గురించి. అయితే పుచ్చుకొను అనే క్రియకు మర్యాద గల జీవితం కూడా ఉన్నది. నోములలో ముత్తయిదువలు వాయనం పుచ్చుకొంటారు, బ్రాహ్మణుడు దానం పుచ్చుకొంటాడు, వియ్యమందుకొనే కుటుంబాల మధ్య ఇచ్చిపుచ్చుకొనుటలు జరుగుతాయి. ఆంగ్లేయుల "గివ్ అండ్ టేక్" అనే జంటపదానికి ఇచ్చిపుచ్చుకొనుట కంటె దగ్గరి అనువాదం లేదు.

చిన్న మాటలతో చేరిక

అప్, ఆఫ్, ఇన్, ఆన్, ఓవర్ వంటి చిన్న మాటలు వెనుక చేరినప్పుడు టేక్ అర్థం పూర్తిగా మారిపోతుంది. వీటిలో "టేక్ ఆఫ్" అందరికీ తెలిసినదే. విమానం విషయంలో నేల విడిచి పైకి లేచుట, చొక్కా విషయంలో విప్పుట, ఉద్యోగి విషయంలో ఆ రోజు పనికి రాకుండుట. "టేక్ ఇన్" ఇంతకంటె మోసకారి. అనాథను టేక్ ఇన్ చేస్తే ఆశ్రయం ఇచ్చినట్లు; చొక్కాను చేస్తే కుట్టు వేసి బిగుతు చేసినట్లు; మనిషి తానే టేకెన్ ఇన్ అయితే మోసపోయినట్లు. "టేక్ ఆఫ్టర్" అనగా తల్లిదండ్రుల పోలికలు రావడం. "టేక్ టు" అనగా అలవాటు పడటం లేదా ఇష్టపడటం. పనిని మొదలుపెట్టి సాగించుట "టేక్ అప్". దీనికి చేపట్టు అనే తెలుగు క్రియ చక్కగా సరిపోతుంది, అందులోనూ చేయి, పట్టు రెండూ ఉన్నాయి. ఒకరి నుండి అధికారాన్ని, సంస్థను తన క్రిందికి తెచ్చుకొనుట "టేక్ ఓవర్".

"టేక్ ప్లేస్" అనగా జరుగు అని మాత్రమే అర్థం. దీనిని "స్థానం తీసుకొను" అని యంత్రానువాదాలలో చూడవచ్చును. "టేక్ ద చెయిర్" అనగా కుర్చీ ఎత్తుకొనిపోవుట కాదు, అధ్యక్షత వహించుట. "టేక్ ఓత్" అనగా ప్రమాణ స్వీకారం చేయుట. ఇక్కడి స్వీకారం కూడా తీసుకొనుటయే. నిర్ణయం తీసుకొను, చర్య తీసుకొను అనే ప్రయోగాలు ఆంగ్ల వాక్యాల అచ్చులో పోసినట్లు ఉన్నా, పత్రికల ద్వారా తెలుగులో స్థిరపడి నేడు తప్పు అనదగిన స్థితిలో లేవు. నిర్ణయించు అంటే మాత్రం మాట పొదుపు అవుతుంది.

పర్యాయపదాలు

టేక్‌కు పర్యాయపదాలుగా చెప్పబడే ఆంగ్ల క్రియలలో ఏదీ అన్ని చోట్లా దాని బదులు నిలువజాలదు. సీజ్ అనునది బలంతో లేదా అధికారంతో పట్టుకొనుట, స్వాధీనపరచుకొనుట. ఫ్రెంచి మూలం గల ఈ పదం పూర్వం భూమిపై హక్కు పొందుటకు సంబంధించిన న్యాయభాషలో వాడబడేది. పోలీసులు సరకు సీజ్ చేసినారని తెలుగువారు అనునప్పుడు ఆ అధికారపు వాసన ఇంకా ఉన్నది. గ్రాబ్ అనగా చటుక్కున, మర్యాద చూడకుండా పట్టుకొనుట. స్నాచ్ అనగా లాగివేసుకొనుట. గొలుసు దొంగతనాల వార్తల వలన ఇది తెలుగు పాఠకులకు పరిచయమే. గ్రాస్ప్ అనగా గట్టిగా పిడికిట పట్టుట. గ్రహించు వలెనే దీనికీ అర్థం చేసుకొను అనే రెండవ అర్థం ఉన్నది.

రిసీవ్, యాక్సెప్ట్ అనే రెండింటికీ గల తేడాను విద్యార్థులు తప్పక తెలుసుకొనవలెను. రిసీవ్ అయిన వస్తువు మన ఇష్టంతో పని లేకుండా చేరుతుంది. యాక్సెప్ట్ చేయుటకు అంగీకారం కావలెను. న్యాయస్థానపు నోటీసును రిసీవ్ చేసినవాడు అందులోని ఆరోపణను యాక్సెప్ట్ చేసినట్లు కాదు. మొదటిది అందుట, రెండవది ఒప్పుకొనుట. విచిత్రమేమనగా ఈ రెండూ, క్యాప్చర్, డిసీవ్, పర్సీవ్, ఆక్యుపై, పైన చెప్పిన పార్టిసిపేట్, రెసిపీ కూడా "తీసుకొను" అనే అర్థం గల "కాపెరె" అనే ఒకే లాటిన్ క్రియకు సంతానం. పట్టుకొనుట, మోసగించుట, గమనించుట, ఆక్రమించుట అనే ఇన్ని పనులు ఒకే కడుపున పుట్టినవి.

తెలుగులో టేక్

ఈ క్రియ విడిగాను, సమాసాలలోను తెలుగు వాడుకలోకి వచ్చి చేరినది. రహదారిపై బస్సు లారీని ఓవర్‌టేక్ చేస్తుంది. కార్యాలయాలలో అండర్‌టేకింగ్ అనగా హామీపత్రం. ఆంగ్ల దేశాలలో అండర్‌టేకర్ అనగా అంత్యక్రియల ఏర్పాట్లు చేయు వృత్తివాడు కనుక, హామీ ఇచ్చిన వ్యక్తిని ఆ పేరుతో పిలువకుండుట మేలు. కంపెనీల వార్తలలో టేకోవర్, విమానాల వార్తలలో టేకాఫ్ అనువాదం లేకుండానే అచ్చవుతున్నాయి.

అన్నిటికంటె బాగా కుదురుకొన్న చోటు సినిమా. ఒక దృశ్యభాగాన్ని కెమెరా ఆపకుండా ఒకసారి చిత్రించడం ఒక టేక్. సరిగా రాకపోతే రీటేక్. ప్రతి టేక్‌కు ముందు క్లాప్ బోర్డుపై దాని సంఖ్య వ్రాసి చూపుతారు. ఎడిటింగ్ సమయంలో ఏ ముక్క ఏదో గుర్తించుటకు అది పనికివస్తుంది. ఇక్కడ టేక్ నామవాచకమై తెలుగు బహువచనాన్ని కూడా పొంది టేకులు అయినది. ఇక ఆ దృశ్యాన్ని తీసినది దర్శకుడు, సినిమా తీసినది నిర్మాత. "కొను" లేని ఆ తీయుటలో ఫలం ప్రేక్షకులకు చెందుతుంది.